గోదారి ఇంటి గోడకి ఏ బొమ్మ?

గౌతమి గట్టు వెంబడి కపిలేశ్వరపురం వైపు వెళ్తుంటే పాత పెంకుటిళ్ళు ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తాయి. అలాంటి ఇంట్లో అడుగుపెట్టినప్పుడు ఓసారి తలెత్తి గుమ్మాల పైన చూడండి. వరసగా పటాలుంటాయి. శ్రీరామ పట్టాభిషేకం, లక్ష్మి, సరస్వతి, వెన్నముద్ద కృష్ణుడు, వాళ్ళ పక్కనే ఇంటి పెద్దాయన ఫొటో. ఒక్క పటమూ గోడకి అంటుకుని ఉండదు. అడుగు అంచు రెండు మేకుల మీద ఆనుతుంది. పై అంచు తాడుతో వేలాడుతూ ముందుకి వాలి ఉంటుంది.

ఆ వాలు ఊరికే పెట్టింది కాదు. కింద చాప మీద కూర్చున్నవాళ్ళకి అంత ఎత్తున ఉన్న బొమ్మ తిన్నగా కనపడుతుంది. మండువాలోంచి పడే వెలుతురు అద్దం మీద మెరిసి బొమ్మని కప్పెయ్యదు. అన్నిటికన్నా ముఖ్యం, పటం వెనక గాలి ఆడుతుంది. వానాకాలమంతా గోడలు చెమ్మ పీల్చే ఈ డెల్టాలో కాగితం బతకాలంటే ఆ గాలే ఆధారం. తాతల నాటి అచ్చుబొమ్మలు ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో రంగు నిలుపుకుని ఉన్నాయంటే, వాటిని తగిలించిన చేతులకి ఈ నేల సంగతి తెలుసు కాబట్టే.

ఇప్పుడు పెంకుటిళ్ళ స్థానంలో డాబాలు లేస్తున్నాయి. ఫాల్స్ సీలింగు, టీవీ యూనిట్టు, సోఫా సెట్టు అన్నీ అమరాక, సోఫా వెనక ఓ పదడుగుల ఖాళీ గోడ మిగులుతుంది. దాన్ని నింపే పని చాలామంది చివర్లో, అలసిపోయి, ఇంటీరియర్ వాళ్ళ కేటలాగుకి వదిలేస్తారు. పరుగెత్తే ఏడు గుర్రాలు, ఏ దేశానిదో తెలియని జలపాతం, ఐదు ముక్కలుగా కోసిన కాన్వాసు వచ్చి కూర్చుంటాయి. ఇల్లు కట్టినవాళ్ళకి గోదావరితో, వరిచేలతో, కథలతో ఎంత అనుబంధం ఉందో ఆ గోడ ఒక్క ముక్క కూడా చెప్పదు.

నాకు ఈ విషయంలో గట్టి అభిప్రాయం ఉంది. ఇంట్లో రోజూ కళ్ళ ముందుండే వస్తువు గోడ మీది బొమ్మ. దాన్ని ఇంట్లోవాళ్ళే ఎంచుకోవాలి. మనకి మన చిత్రకారులున్నారు, లక్షలు పెట్టక్కర్లేకుండా వాళ్ళ పనిని ఇంటికి తెచ్చుకునే దారి ప్రింటు రూపంలో ఉంది. తెచ్చుకున్నదాన్ని ఈ చెమ్మలో కాపాడుకునే తెలివి మన పాత ఇళ్ళలోనే ఉంది.

ప్రింటు అంటే నకలేనా?

"ఒరిజినల్ కాదుగా, ప్రింటేగా" అనే మాట తరచూ వినపడుతుంది. ఆ మాటలో సగమే నిజం. ప్రింట్లన్నీ ఒక జాతివి కావు.

రవివర్మతో మొదలుపెడదాం. రాజాస్థానాల గోడల మీదున్న తన తైలవర్ణ చిత్రాలు మామూలు ఇళ్ళకీ చేరాలని ఆయన 1894లో బొంబాయిలో అచ్చుయంత్రాలు పెట్టాడు. జర్మన్ నిపుణుల చేత, రాయి మీద బొమ్మ గీసి అచ్చువేసే లితోగ్రఫీ పద్ధతిలో ముద్రించాడు. ఒక్కో రంగుకీ ఒక్కో రాయి. ఒకే కాగితం ఒక రాయి తర్వాత ఇంకో రాయి మీదికి వెళ్ళి, ప్రతిసారీ వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంటే తప్ప బొమ్మ పూర్తికాదు. మొదట అచ్చయిన బొమ్మ శకుంతల జననం. తర్వాత ఆ ప్రెస్సు లోనావాలా దగ్గర మలవలికి మారింది, ఫ్రిట్జ్ ష్లైషర్ అనే జర్మన్ నిపుణుడి చేతికి వెళ్ళింది. మన పెంకుటిళ్ళ గుమ్మాల మీద లక్ష్మీ సరస్వతులు ఆ రూపంలో కొలువుండటానికి ఆ రాళ్ళే కారణం.

మీ ఇంట్లో అలాంటి పాత బొమ్మ ఉంటే భూతద్దం పెట్టి చెంప దగ్గరో, చీర మడతల దగ్గరో చూడండి. చుక్కలు కనిపిస్తాయి. అవి ఒక లెక్క ప్రకారం ఉండవు, ఒకటి పెద్దది ఒకటి చిన్నది, ఒకచోట దట్టం ఒకచోట పలచన. రాయి మీద మనిషి చేత్తో పెట్టిన చుక్కలవి. తర్వాతి కాలపు ఆఫ్‌సెట్ కేలండరులో అయితే చుక్కలన్నీ వరసలు తీరి, నాలుగు రంగుల్లో చిన్న చిన్న గుత్తులుగా కనపడతాయి. ఇప్పటి ఇంక్‌జెట్ ప్రింటులో ఆ వరసలుండవు, సన్నటి తుంపర చల్లినట్టుంటుంది. ఈ ఒక్క పరీక్ష తెలిస్తే చాలు, పాత బొమ్మ పేరుతో కొత్త నకలు అమ్మేవాళ్ళ దగ్గర మోసపోరు.

తర్వాత మన పత్రికల కాలం వచ్చింది. వడ్డాది పాపయ్యని తెలుగువాళ్ళు వపాగా గుర్తుపెట్టుకున్నది మ్యూజియంలో చూసి కాదు, చందమామ, యువ ముఖచిత్రాలు చూసి. బాపు సంగతీ అంతే. వశిష్ఠకి అవతలి ఒడ్డున నరసాపురంలో 1933లో పుట్టిన సత్తిరాజు లక్ష్మీనారాయణే బాపు; ఆయన గీత కోట్లమంది చేతుల్లోకి వెళ్ళింది అచ్చు ద్వారానే. వీళ్ళిద్దరూ బొమ్మ వేస్తున్నప్పుడే అది అచ్చులో ఎలా వస్తుందో లెక్క చూసుకుని వేసినవాళ్ళు. అంచేత వాళ్ళ బొమ్మని ప్రింటుగా పెట్టుకోవడంలో తక్కువతనం ఏమీ లేదు, ఆ బొమ్మలు ప్రింటు కోసమే పుట్టాయి. దీపావళి సంచికల ముఖచిత్రాలు జాగ్రత్తగా కత్తిరించి పటం కట్టించుకున్న ఇళ్ళు మన జిల్లాల్లో ఎన్నో. ఆ ఇళ్ళవాళ్ళు కళాసేకరణ అనే మాట వాడలేదు గానీ చేసింది అదే.

ఇక మూడో జాతి ఉంది. ఇందులో ప్రింటే ఒరిజినల్. దీన్ని ప్రపంచంలో ఒక మెట్టు పైకెక్కించింది మన చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకుని, లండన్ మీదుగా పారిస్ చేరి, స్టాన్లీ విలియం హేటర్ నడిపిన అటెలియే 17 అనే ముద్రణ కార్యశాలలో ఏళ్ళ తరబడి పనిచేశాడు. అక్కడ ఆయన, తోటివాళ్ళు కలిసి తీర్చిదిద్దిన పద్ధతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

అంతవరకూ రంగుల ప్రింటు అంటే ఒక్కో రంగుకీ ఒక్కో పలక. వీళ్ళు ఒకే లోహపు పలక మీద అన్ని రంగులూ ఒకేసారి పెట్టారు. పలకని యాసిడ్‌తోనూ పనిముట్లతోనూ లోతుగా, మిట్టపల్లాలుగా మలుస్తారు. కృష్ణారెడ్డి శిల్పి కూడా కాబట్టి ఆయన పలకలు చూస్తే చెక్కిన శిల్పాల్లా ఉంటాయి. ఆపైన సిరాల్లో అవిసెనూనె పాళ్ళు మార్చి ఒకటి పలచగా, ఒకటి చిక్కగా కలుపుతారు. గట్టి రోలరు దొర్లిస్తే రంగు మిట్టలకే అంటుతుంది. మెత్తటి రోలరు పల్లాల్లోకి దిగుతుంది. నూనె ఎక్కువున్న సిరా మీద చిక్కటి సిరా అంటదు, పక్కకి తప్పుకుంటుంది. అలా ఒకదాన్నొకటి ఒప్పుకోని సిరాలు ఒకే పలక మీద తమ తమ చోట్లు వెతుక్కుంటాయి. తడికాగితం వేసి యంత్రంలో ఒక్కసారి నొక్కితే బొమ్మంతా వస్తుంది. ఆయన చేసిన అల, సుడిగుండం బొమ్మల్లో నీళ్ళు నిజంగా కదులుతున్నట్టుండటానికి ఆ పలకలోని లోతులే కారణం. 1972లో పద్మశ్రీ అందుకున్నాడు, 2018లో న్యూయార్క్‌లో కన్నుమూశాడు. ప్రపంచంలో ముద్రణకళ నేర్పే చాలాచోట్ల ఆయన పేరు చెబుతారు. మన దగ్గర ఆయన పేరు అంత తక్కువగా ఎందుకు వినపడుతుందో నాకు అర్థం కాదు.

మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మా గౌడ్‌దీ ఈ దారే. లోహపు పలక మీద మైనపు పూత పూసి, సూదితో గీసి, గీత పడిన చోట యాసిడ్ తినేలా చేసే ఎచింగ్ ఆయన చేతిలో పల్లె మనుషుల్నీ మేకల్నీ చెట్లనీ నలుపు తెలుపుల్లో నిలబెట్టింది. ఇలాంటి ప్రింటు చేతికందితే అంచుల దగ్గర వేలితో తడమండి. పలక నొక్కుకున్న గాడి తెలుస్తుంది. బొమ్మ కింద పెన్సిలుతో ఎడమవైపు 7/25 అని ఉందనుకోండి, మొత్తం ఇరవై అయిదు ప్రతుల్లో ఇది ఏడోది అని అర్థం. కుడివైపు చిత్రకారుడి సంతకం ఉంటుంది. ఇది ఇంట్లో పెట్టుకుంటే మీ దగ్గరున్నది నకలు కాదు, అసలు.

ఎంచుకోవడం

వాస్తు కోసం బొమ్మ కొనేవాళ్ళని నేను తప్పుపట్టను. ఇంటి క్షేమం కోరుకోవడం ఎవరికైనా సహజం. అయితే ఫలితం కోసం పెట్టిన బొమ్మని పెట్టిన రోజు తర్వాత ఎవరూ చూడరు. సోఫా వెనకాల ఏ బొమ్మ ఉందని ఆ ఇంటి పిల్లల్ని అడిగితే ఒక్కోసారి చెప్పలేరు. పదేళ్ళు ఆ గోడ మీద ఉన్నా ఆ ఇంట్లో అది లేనట్టే.

మరి ఎలాంటి బొమ్మ ఎంచుకోవాలి? కపిలేశ్వరపురానికి ఇంకో పేరుంది, అది కథ చెప్పే ఊరు. అక్కడి శ్రీ సర్వారాయ హరికథా పాఠశాల ఏళ్ళ తరబడి పిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని, హరికథకులుగా తయారుచేస్తోంది. హరికథ చెప్పేవాళ్ళు కథంతా ఒకే వేగంతో చెప్పరు. ఒక చోట ఆగుతారు. రుక్మిణి బ్రాహ్మణుడి చేతికి లేఖ ఇచ్చే క్షణం దగ్గరో, సీత హనుమంతుణ్ణి మొదటిసారి చూసే క్షణం దగ్గరో నిలబడి, దాన్ని పాడి, ఆడి, విప్పి చూపిస్తారు. గోడ మీది బొమ్మ కూడా అలాంటి ఒక్క క్షణాన్ని పట్టుకున్నదై ఉండాలి. ఇంటికొచ్చిన మనవరాలు "ఇదేంటి తాతయ్యా?" అని అడిగేలా, తాతయ్యకి చెప్పడానికి ఏదో ఉండేలా.

కథే ఉండాలని కాదు. గోదావరి రేవు, పంటు మీద మనుషులు, కొబ్బరితోట నీడ, కోతల కాలం వరిచేను, ఏదైనా సరే మీకు తెలిసినది కావాలి. దామెర్ల రామారావుని చూడండి. 1897లో రాజమహేంద్రవరంలో పుట్టాడు. ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రాడి చెయ్యి గుర్తించి బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి పంపాడు. చదువు అయ్యాక తిరిగొచ్చి ఇక్కడే చిత్రకళా పాఠశాల పెట్టాడు. 1925లో మశూచితో పోయేనాటికి ఆయనకి ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. గోదావరి దృశ్యాలు, పురాణ ఘట్టాలు, మన స్త్రీలు ఆయన నీటిరంగుల్లో ఉన్నంత నిండుగా తర్వాత చాలా తక్కువచోట్ల చూశాను. ఆయన పేర చిత్రశాల రాజమహేంద్రవరంలోనే ఉంది. కపిలేశ్వరపురం నుంచి పొద్దున్న బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చెయ్యొచ్చు. ఇంటికి బొమ్మ కొనేముందు పిల్లల్ని తీసుకుని ఒక్కసారి అక్కడికి వెళ్ళండి. కన్ను కుదుటపడుతుంది. కేటలాగులోని జలపాతం తర్వాత అంత అందంగా కనపడదు.

ఒక విషయం గమనించుకోవాలి. అన్ని బొమ్మలూ ప్రింటులో ఒకేలా నిలవవు. బాపు గీతలాంటిది, స్పష్టమైన గీత, చదును రంగులున్నది, మామూలు కాగితం మీదా బాగుంటుంది. దామెర్ల, వపాల నీటిరంగుల్లో ఒక రంగు ఇంకో రంగులోకి కరిగిపోయే చోట్లుంటాయి. అవి మెరిసే కాగితం మీద చచ్చిపోతాయి. వాటికి మెరుపు లేని నూలుగుజ్జు కాగితం కావాలి. దళసరి తైలవర్ణ చిత్రాలైతే కాన్వాసు మీద పరవాలేదు.

గుడ్డ మీద అచ్చు కూడా అచ్చే అన్న సంగతి మర్చిపోతుంటాం. పెడన కలంకారీ దిమ్మెలతో అద్దే ముద్రణ. కరక్కాయ నీళ్ళలో నానిన గుడ్డ మీద, టేకు దిమ్మె మీద చెక్కిన లతలూ నెమళ్ళూ ఒకదాని పక్కన ఒకటి పడతాయి. ఒక మంచి ముక్కని బిగించి పటం కట్టిస్తే, పెద్ద గోడకి అంత నిండుతనం తక్కువ ఖర్చులో ఇంకేదీ ఇవ్వదు.

పటం కట్టించే చోట

మండపేట, రామచంద్రపురం బజార్లలో పటాలు కట్టే దుకాణాలున్నాయి. ఆ పనివాళ్ళ చెయ్యి మంచిది. మూల కోతలు ఎక్కడా సందు లేకుండా కలుపుతారు. అయితే వాళ్ళ దగ్గరికి వచ్చే పనిలో ఎక్కువ దేవుడి పటాలూ, పెళ్ళి ఫొటోలూ, పోయినవాళ్ళ ఫొటోలూ. అంచేత మనం ఏం కావాలో నోరు విప్పి చెప్పాలి. చెప్పకపోతే అలవాటు ప్రకారం మూడు పనులు జరుగుతాయి. బొమ్మని ఎండీఎఫ్ చెక్కకి జిగురుతో అతికించి పైన లామినేషన్ కొడతారు. లేదా అద్దానికి ఆనించి బిగించేస్తారు. వెనక ఏదో అట్టముక్క పెట్టి మేకులు కొడతారు. ఈ మూడూ మన ఊళ్ళలో బొమ్మని చంపే పనులే.

లామినేషన్ మొదటి ఏడు మెరుస్తుంది. రెండో వానాకాలానికి మూలల్లో బుడగలు లేస్తాయి, ఎండీఎఫ్ చెమ్మ పీల్చి అంచులు ఉబ్బుతాయి. అతికించింది కాబట్టి బొమ్మని విడదీయడం కుదరదు. అద్దానికి ఆనిన కాగితం కథ ఇంకా ఘోరం. రాత్రి చల్లబడినప్పుడు అద్దం లోపలి వైపు సన్నటి తేమ పడుతుంది, సిరా మెత్తబడి అద్దానికి పట్టుకుంటుంది. తీస్తే రంగు అద్దంతో పోతుంది. వెనక అట్టలో ఆమ్లం ఉంటుంది, కొన్నేళ్ళకి కాగితం మీద టీ మరకల్లాంటి గోధుమరంగు చుక్కలు తేలతాయి.

మీరు అడగాల్సింది ఇది. బొమ్మకీ అద్దానికీ మధ్య మౌంటు పెట్టమనండి. అది మందపాటి అట్టలో కిటికీలా కోసిన చట్రం. ఆమ్లం లేని అట్ట దొరకకపోతే హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో తెప్పించమనండి, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. నాలుగువైపులా రెండున్నర మూడు అంగుళాల వెడల్పు ఉంచండి, కింద వైపు అరంగుళం ఎక్కువ. మౌంటు తెల్లగానో లేత మీగడ రంగులోనో ఉంటే చాలు. గోడకి ఏ ముదురు రంగు వేసినా అది మధ్యలో నిలబడి బొమ్మని కాపాడుతుంది. బొమ్మని పై అంచు దగ్గర మాత్రమే, గోధుమపిండి జిగురుతో సన్నటి కాగితపు పట్టీలు పెట్టి వేలాడదీయాలి. సెలోటేపు వద్దు, అది పసుపుపచ్చగా మారి కాగితంలోకి దిగిపోతుంది. ఫ్రేముకి టేకు మంచిది. నగిషీ ఫ్రేము మీద పెట్టే డబ్బు మౌంటు మీద పెట్టండి, కళ్ళకి తేడా వెంటనే తెలుస్తుంది.

ఒరిజినల్ ప్రింటు కొనడం లేదు, హక్కులున్న ఫైలు కొని ప్రింటు తీయించుకుంటున్నారనుకోండి, లెక్క చిన్నది. అంగుళానికి 300 చుక్కలు కావాలి. 12 అంగుళాలు, 18 అంగుళాల బొమ్మకి 3600, 5400 పిక్సెళ్ళ ఫైలుండాలి. వాట్సాప్‌లో వచ్చిన బొమ్మ మామూలుగా 1600 పిక్సెళ్ళకి కుదించుకుపోయి వస్తుంది, అంటే అయిదంగుళాలకి సరి. దాన్ని పెద్దది చేయించి గోడకెక్కిస్తే ముఖాలు పాకం పట్టినట్టుంటాయి. ఫ్లెక్సీలు వేసే చోట కాకుండా, పిగ్మెంటు సిరాలు వాడే ఫొటో ల్యాబులో నూలుగుజ్జు కాగితం మీద తీయించండి. జిక్లే ప్రింటు అని అడిగితే వాళ్ళకి అర్థమవుతుంది.

హక్కుల సంగతీ చెప్పాలి. మన దేశంలో కాపీరైటు చిత్రకారుడి జీవితకాలం, ఆపైన అరవై ఏళ్ళు. రవివర్మ 1906లో, దామెర్ల 1925లో పోయారు కాబట్టి వాళ్ళ బొమ్మలు ఎవరైనా అచ్చువేసుకోవచ్చు. వపా బొమ్మల మీద హక్కు 2052 చివరిదాకా, బాపు బొమ్మల మీద 2074 చివరిదాకా ఉంటుంది. వాళ్ళవి కొనేటప్పుడు హక్కుదారుల అనుమతితో అమ్మేవాళ్ళ దగ్గరే కొనండి. ఆ చేతులు మనకిచ్చినదానికి మనం తిరిగి ఇవ్వగలిగింది అంతమాత్రం.

తగిలించడం

కొత్త ఇంటివాళ్ళకి ముందుగా ఒక మాట. ఇటుక, సిమెంటు, ప్లాస్టరింగు పీల్చిన నీళ్ళు గృహప్రవేశం నాటికి పూర్తిగా ఆరవు. గోడ పైకి పొడిగా కనపడుతుంది, లోపల నీళ్ళుంటాయి. అడుగు చదరం ప్లాస్టిక్ షీటు నాలుగువైపులా టేపుతో గోడకి అంటించి ఓ రెండు రోజులాగి చూడండి. లోపల చెమట పట్టినట్టుంటే ఆ గోడ ఇంకా సిద్ధంగా లేదు. ఒక ఎండాకాలం పోనిచ్చి తగిలించండి. బాత్రూము వెనక గోడ, నీళ్ళు కారే స్లాబు కింద గోడ, పడమటి ఎండ తిన్నగా పడే గోడ ఎప్పటికీ వద్దు. వంటింటి పొగా, పూజగది సాంబ్రాణీ తగిలే చోటా వద్దు.

గోడ బాగున్నా పటాన్ని దానికి అంటించి బిగించకండి. ఫ్రేము వెనక కింది రెండు మూలల్లో అరంగుళం మందం బెండు బిళ్ళలో రబ్బరు బిళ్ళలో అంటించండి. తాడు కొంచెం వదులుగా కడితే పై అంచు దానంతటదే ముందుకి వాలుతుంది. ట్యూబులైటు మెరుపు అద్దంలో పడటం ఆగిపోతుంది, వెనక గాలి ఆడుతుంది.

ఎత్తు దగ్గరే ఎక్కువమంది తడబడతారు. ఇప్పుడు హాల్లో ఎవరూ చాప మీద కూర్చోవడం లేదు, కాబట్టి పటం గుమ్మం ఎత్తున ఉండక్కర్లేదు. బొమ్మ నడిభాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల మధ్య ఉంటే నిలబడ్డవాళ్ళ కంటికి సరిపోతుంది. చాలా మ్యూజియాల్లో పాటించే లెక్క దాదాపు అదే. సోఫా వెనకైతే సోఫా పై అంచుకీ ఫ్రేముకీ మధ్య ఆరేడు అంగుళాలు చాలు. సోఫా వెడల్పులో మూడింట రెండు వంతులు నిండేలా ఒక పెద్ద బొమ్మగానీ, రెండు మూడు చిన్నవి దగ్గరదగ్గరగా గానీ పెట్టండి. చిన్న బొమ్మని పెద్ద గోడ నట్టనడుమ ఒంటరిగా పెడితే గోడ ఇంకా ఖాళీగా కనిపిస్తుంది. దాన్ని మంచం పక్కకో, చదువుకునే బల్ల దగ్గరికో మార్చండి. అక్కడ అది మీతో మాట్లాడుతుంది. కొట్టే ముందు వార్తాపత్రికల్ని ఫ్రేముల కొలతకి కత్తిరించి గోడకి టేపుతో పెట్టి చూసుకోండి. తొందరపడి కొట్టిన మేకు గుంత ఎన్ని సున్నాలు వేసినా కనపడుతూనే ఉంటుంది.

పూజించే పటాలకి ఈ లెక్కలు వర్తించవు. వాటి ఎత్తు, దిక్కు ఇంటి ఆచారం నిర్ణయిస్తుంది, అది అలాగే ఉండాలి.

లంక గ్రామాలవాళ్ళకి వరద సంగతి వేరే చెప్పక్కర్లేదు. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు 6 తుపాను, 2022 జూలై వరద అన్నీ చూసినవాళ్ళు ఆ ఇళ్ళలోనే ఉన్నారు. గోదావరి పెరుగుతోందన్న కబురు రాగానే బియ్యం బస్తాలతో పాటు పటాలూ అటకెక్కించండి. ఒకవేళ తడిస్తే, తడిసిన కాగితం అద్దానికి అంటుకుంటే లాగకండి. అద్దంతో సహా నీడలో, ఫ్యాను గాలికి ఆరనిచ్చి తెలిసినవాళ్ళకి చూపించండి. ఎండలో మాత్రం పెట్టకండి. ఏ ఊళ్ళోవాళ్ళయినా ప్రతి కార్తీకంలో ఒకసారి పటాలు దింపి వెనక చూసుకోవడం మంచిది. బూజు పట్టినా, కాగితం తినే వెండిరంగు పురుగు చేరినా తొలిదశలోనే దొరుకుతుంది.

పాత ఇల్లు పడగొట్టించే ముందు అటక మీదా, అల్మారా వెనకా ఒకసారి వెతకమని బతిమాలుకుంటున్నాను. తలుపులూ దూలాలూ కొనడానికి వచ్చేవాళ్ళు పటాలని ఫ్రేము చెక్క కోసం పట్టుకుపోయి బొమ్మని చింపి పారేస్తారు. అందులో రవివర్మ ప్రెస్సు లితోగ్రాఫు ఉండొచ్చు, వపా ముఖచిత్రం ఉండొచ్చు, పాత భారతి సంచికలోంచి తీసిన రంగుల పుట ఉండొచ్చు. పోయాక మళ్ళీ రావు. మీకు అక్కర్లేకపోతే ఇంకొకరికివ్వండి, కనీసం స్కాను చేయించండి.

ఇప్పుడు పనిచేస్తున్న చిత్రకారుల్నీ మర్చిపోవద్దు. హైదరాబాద్‌లోనూ విశాఖపట్నంలోనూ లలితకళలు చదువుకున్న పిల్లలు ఎచింగులూ, లినోకట్లూ, వుడ్‌కట్లూ చేస్తున్నారు. ఒక పెయింటింగు ధరలో చిన్న వంతుకే సంతకం చేసిన ప్రింటు దొరుకుతుంది, ఎందుకంటే ఆ పని ఖర్చుని ప్రతులు కొన్నవాళ్ళంతా పంచుకుంటారు. హైదరాబాద్ వెళ్ళినప్పుడు మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ఓ గంట గడపండి. నచ్చిన పని చేసినవాళ్ళని అడిగి పరిచయం చేసుకోండి.

ఈ మాఘంలో మీ బంధువుల ఇంట్లో గృహప్రవేశం ఉంటే, గోడ గడియారం బదులు ఒక మంచి ప్రింటు ఇవ్వండి. పటం కట్టించకుండా, గొట్టంలో చుట్టి ఇవ్వండి. గోడ ఆరాక వాళ్ళకి నచ్చిన చోటు చూసుకుని వాళ్ళే కట్టించుకుంటారు.